ఎడమవైపు లాగే కారు

"సీట్లో కూర్చోవాలి. స్టీరింగ్ పట్టుకోవాలి. ఊపిరి తీసుకోవచ్చు. అంతకు మించి ఏమీ చెయ్యొద్దు," అంది మార్నీ, కారు కింద నుంచి.

"తుమ్మొస్తే?" సీట్లోంచి ఎమెట్ అడిగాడు.

"మింగెయ్యండి."

పరిచయమై పావుగంట కూడా కాలేదు, అప్పుడే ఇంత అధికారం. పని దగ్గర మార్నీ అంతే. అవతల ఉన్నది ఎవరైనా సరే, ఒకటే మాట.

అమెరికాలోని ఇండియానాలో, ఆ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లోనూ, తిన్నటి దారిలో దూసుకుపోయే పందెం కారుకి వెనక చక్రాల పని అంటే హార్లన్ ప్రూయిట్ షెడ్డే. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. కూతురు మార్నీకి పని క్షుణ్ణంగా వచ్చు. కానీ "అమ్మాయి బిగించిందా?" అని మొహం చిట్లించేవాళ్ళే ఎక్కువ. బామ్మ చర్చికి నడిపిన అరవై ఏడు నాటి నోవా కారుని వేసుకొచ్చి, "మార్నీ గారే చెయ్యాలి" అన్న మొదటి మనిషి ఈ ఎమెట్. ఊళ్ళో స్కూలు బస్సు నడుపుతాడు.

"చూడమ్మా," అన్నాడు హార్లన్ ఆ పొద్దునే. "ఈ కారు శనివారం పందెంలో తిన్నగా పోతే, షెడ్డు నీది. బోర్డు మీద నీ పేరు రాయిస్తా. వంకరగా పోయిందనుకో, నేనిచ్చినా జనం రారు."

అందుకే ఆ అధికారం. లోపలి భయం బయటికి కనిపించకూడదని.

పని చెప్పడానికి తేలికే. నాలుగు చక్రాల కింద నాలుగు కాటా పలకలు పెడతారు. బయలుదేరే క్షణంలో ఇంజను ఇచ్చే కుదుపుకి వెనక కుడి చక్రం తేలిపోతుంది, కారు పక్కకు లాగుతుంది. అందుకని ముందే ఆ చక్రం మీదికి కాస్త బరువు మళ్ళించాలి. ఇరుసుని పట్టి ఉంచే కడ్డీని పానాతో కొద్దికొద్దిగా తిప్పుతూ, అంకెలు చూసుకోవాలి. నడిపేవాడి బరువు కూడా లెక్కే కాబట్టి, పని జరిగినంతసేపూ వాడు సీట్లో ఉండాల్సిందే.

"బెల్టులు పెట్టుకోనా?" అన్నాడు ఎమెట్.

ముందు బెల్టులు, తర్వాతే పానా. హార్లన్ షెడ్డులో అది ఎప్పటి నుంచో ఉన్న నియమం. మార్నీకి తెలియనిదేం కాదు.

"ఇప్పుడెందుకు, పందెంలో ఎలాగూ తప్పదు కదా. సుఖంగా కూర్చోండి," అంది.

కాటా అంకెలు చూపించే డబ్బా ఎడమవైపు, డ్రైవరు తలుపు పక్కన స్టూలు మీద ఉంది. కడ్డీ తిప్పిన ప్రతిసారీ ఆమె బయటికొచ్చి అక్కడే నిలబడి చూసేది. చూసిన ప్రతిసారీ ఏదో ఒక మాట.

"బస్సులో పిల్లలు మీ మాట వింటారా?"

"వినరు. నేనే వాళ్ళ మాట వింటాను. అందుకే గొడవలు లేవు."

"మీ బామ్మ ఈ కారు ఎలా నడిపేది?"

"చర్చికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా. వచ్చేటప్పుడు మాత్రం, అడక్కండి. పాపాలు ఎలాగూ క్షమించేశారు కదా అనేది."

మార్నీ నవ్వాపుకోలేకపోయింది. సాయంత్రానికల్లా అంకెలు ఆమె అనుకున్నట్టే కుదిరాయి. అన్నీ చక్కగా ఉన్నాయి, మరీ చక్కగా ఉన్నాయి.

శనివారం ట్రాకు మీద పచ్చలైటు పడింది. నోవా ముక్కు పైకి లేచింది. లేస్తూనే ఎడమవైపు గోడ మీదికి మళ్ళింది. ఎమెట్ చప్పున యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. రెండోసారీ అదే వరస.

"వచ్చేవారం కూడా ఇలాగే పోతే ఈ కారుని గేటు దాటనివ్వను," అన్నాడు ట్రాకు పెద్దమనిషి.

కంచె దగ్గర బర్ల్ అనే పాత పందెగాడు పల్లీలు నములుతూ అందుకున్నాడు. "మార్నీ నిలబడింది ఎడమవైపే కదా. పాపం, పిల్లని చూద్దామని వెళ్ళినట్టుంది బండి." చుట్టూ నలుగురూ గొల్లున నవ్వారు.

మార్నీకి నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎమెట్ దగ్గరికొచ్చాడు.

"నేనే సరిగ్గా పట్టుకోలేదేమో."

"ఓదార్చకండి. పని నాది, తప్పు నాది. రేపు చర్చి అవ్వగానే కారు తీసుకురండి."

ఆదివారం వాన. షెడ్డు రేకుల మీద చిటపటమని సన్నగా, తీరిగ్గా కురుస్తోంది. మార్నీ ప్రతి బోల్టూ చూసింది, టైర్లలో గాలి చూసింది. ఎక్కడా లోపం లేదు. ఎమెట్‌ని మళ్ళీ సీట్లో కూర్చోబెట్టింది. డబ్బాలో అవే అంకెలు, అప్పుడు తను పెట్టినవే. విసుగొచ్చి, తీగతో సహా డబ్బా చేత పట్టుకుని కుడివైపుకి వెళ్ళింది, ఆ పక్క కడ్డీ చూద్దామని.

అంకెలు మారిపోయాయి. ఎడమ తగ్గింది, కుడి పెరిగింది.

వెనక్కి వచ్చింది. అంకెలూ వెనక్కి వచ్చాయి. మళ్ళీ కుడికి వెళ్ళింది. అవీ బయలుదేరాయి. ఆమె కారు చుట్టూ తిరుగుతుంటే బరువు కూడా వెంటే తిరుగుతోంది.

"నాన్నా, కాటా పాడైపోయింది."

గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి హార్లన్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "అది మనకంటే బుద్ధిమంతురాలు, అబద్ధమాడదు. బెల్టులు పెట్టించావా?"

మార్నీ చేతిలోని డబ్బా తీగ సర్దసాగింది. చెవులు వేడెక్కాయి.

"మార్నీ."

"లేదు నాన్నా."

ఆయన కూతురి వంక చూశాడు. సీట్లో కుర్రాడి వంక చూశాడు. ఒక భుజం ఇటు, మెడ మొత్తం ఇటు, కుడివైపు నిలబడ్డ మార్నీ మీదికి ఒరిగిపోయి ఉన్నాడు వాడు.

"నా కాఫీ చల్లారిపోయింది," అని ఆవిరొస్తున్న కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"మీరు నా వైపుకి వాలుతున్నారు," అంది మార్నీ నెమ్మదిగా.

"నేనా? నాకు తెలీదు."

"మొదటి రోజు కూడానా?"

ఎమెట్ స్టీరింగ్ వైపు చూశాడు. "అప్పుడు కొంచెం తెలుసు."

"మీరు వాలిన బరువుని నేను కారు బరువు అనుకున్నాను. దానికి సరిపడా కుడివైపు ఎక్కించాను. పందెంలో బెల్టులు బిగించుకుని నిటారుగా కూర్చున్నారు. కారు ఎడమకి పోయింది. నా షెడ్డు పోయేది, తెలుసా?"

అతని మొహం పాలిపోయింది. "వచ్చే శనివారం అందరి ముందూ చెప్పేస్తాను. తప్పు మీది కాదని."

"ఏమని చెబుతారు?"

"మార్నీ పక్కనుంటే తిన్నగా కూర్చోవడం నా వల్ల కాదని. నవ్వితే నవ్వనివ్వండి. ఇష్టమైతే ఇష్టమని చెప్పాలి కదా."

మార్నీ కారు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గరికొచ్చింది.

"సగం తప్పే మీది."

"మిగతా సగం?"

"బెల్టులు వద్దన్నది ఎవరు? బిగిస్తే మీరు ఇటు తిరిగి మాట్లాడలేరని నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను."

ఎమెట్ తిరిగి ఆమె కళ్ళలోకి చూశాడు. డబ్బాలో అంకెలు మళ్ళీ కదిలాయి. ఈసారి మార్నీ వాటిని చూడలేదు. కిటికీలోంచి వంగి, భుజాల మీదుగా బెల్టులు లాగి, టక్కున బిగించింది.

"ఇప్పుడు కదులు, చూద్దాం," అంది.

మొదటిసారి 'మీరు' వదిలి 'నువ్వు'లోకి దిగింది. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. డబ్బా తీసుకెళ్ళి కారు ముక్కుకి సూటిగా, ఎదురుగా పెట్టుకుంది. చీకటి పడేలోగా పని మళ్ళీ మొదటి నుంచి చేసింది.

మరుసటి శనివారం బయలుదేరే గీత దగ్గర ఎమెట్ అడిగాడు, "ఎటు పక్క నిలబడతావు?"

"ఏ పక్కా కాదు. నీ వెనకాలే, మధ్యలో. నువ్వు ముందుకి చూసి నడుపు చాలు."

పచ్చలైటు పడింది. నోవా ముక్కు లేచింది, దిగింది, తాడు కట్టి లాగినట్టు తిన్నగా వెళ్ళిపోయింది. కంచె దగ్గర బర్ల్ పల్లీలు నమలడం మానేశాడు.

"అమ్మాయ్," అన్నాడు, "నా బండి ఎప్పుడు తెమ్మంటావు?"

"సోమవారం తీసుకురండి. బెల్టులు మాత్రం పెట్టుకోవాలి, బాబాయ్."

ఎమెట్ కారు తిప్పుకుని వచ్చి వాళ్ళ ముందు ఆపాడు. హార్లన్ కుంటుకుంటూ దగ్గరికొచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"బోర్డు రాసేవాడికి కబురు పెట్టాలమ్మా. మార్నీ ప్రూయిట్ అని ఇప్పుడే రాయించెయ్యనా, లేక ఇంటి పేరు సంగతి తేలేదాకా ఆగమంటావా?"

మార్నీ ఎమెట్ వైపు చూసింది. చెంపలు ఎర్రబడ్డా, గొంతు మాత్రం పని దగ్గరి గొంతే.

"ప్రూయిట్ అనే రాయించు నాన్నా. మార్చుకోవాలనుంటే అతనే మార్చుకుంటాడు."

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు ఎమెట్ సీట్లోంచి. "ముందు ఎవరైనా ఈ బెల్టులు విప్పండి. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాలి."