దారిలో చెయ్యి

ఉదయం ఏడింటికి షెడ్డులో పనిగోడ వెలిగింది. చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి అని మూడు వరసల్లో వెలుగుచీటీలు. మధ్య వరసలో తొమ్మిదికి మించి ఉండకూడదు. ఒకటి బయటికి పోతేనే ఇంకొకటి లోపలికి రావాలి. ఆ తొమ్మిదిలో ఒకటి పన్నెండు రోజులుగా కదలడం లేదు. అది షెడ్డులో పాత పనివాడు అప్పలసూరి చీటీ.

సముద్రపు నీటిని మంచినీరు చేసే ఉప్పుతీత యంత్రాలను బాగుచేసే షెడ్డు అది, భీమిలి తీరంలో. ఎనిమిది నెలల క్రితం గోడను తెప్పించింది షెడ్డు అధికారి నిరుపమ. అంతకుముందు ఒక్కో యంత్రం బాగుపడడానికి పదకొండు రోజులు పట్టేది, ఇప్పుడు నాలుగు. నీళ్లకు కటకటలాడే ఊళ్లకు ఏడు రోజులంటే మాటలా? ఆమె గర్వపడిందంటే తప్పుపట్టలేం.

గోడకు ఇంకో నియమం ఉంది. ఎవరి చీటీ పని మీద వారి చెయ్యే పడాలి. వేరే చెయ్యి తగిలితే చీటీ ఎర్రబడి మళ్లీ మొదటి వరసకు పోతుంది. పూర్వం షెడ్డులో ‘దారిలో చెయ్యి’ అనే అలవాటు ఉండేది. టీకి వెళ్తూ వెళ్తూ ఎవరో ఒకరు పక్కవాళ్ల వడపోత పొరకు నాలుగు కుట్లు వేసి పోయేవారు. నిరుపమకు అది వట్టి గందరగోళంగా కనిపించేది. అప్పలసూరి వేళ్లలో స్పర్శ పోయి రెండేళ్లయిందనీ, గోడ వచ్చేదాకా పక్కవాళ్లు వేసిన ఆ నాలుగేసి కుట్లతోనే అతని పని గడిచిందనీ ఆమె ఒక్కతెకే తెలియదు.

ఆ మధ్యాహ్నం అతనే వచ్చి, ఎవరి చెయ్యో గోడకు తెలిపే మణికట్టు పట్టీ విప్పి ఆమె బల్ల మీద పెట్టాడు.

"నా చీటీ వల్ల అందరి పనీ ఆగిపోతంది తల్లీ. నానెల్తాను."

ఉండమని ఒక్క మాట అనవలసింది. "నీ ఇష్టం సూరి బాబాయ్" అంది నిరుపమ. చీటీ పక్క బల్ల దగ్గర పనిచేసే సత్యవేణికి మారింది. గోడ మీద ‘అడ్డు తొలగింది’ అని పచ్చగా మెరిసింది. అది చూసి ఆమె మనసు తేలికపడింది కూడా, ఏం చెప్పాలి!

నెల తిరిగేసరికి గోడ పాత యంత్రాల కుట్లు చూసి ఎవరి చేతివో పోల్చుకోవడం నేర్చింది. పద్నాలుగేళ్ల నాటి యంత్రమొకటి మరమ్మతుకు వచ్చింది. ఇదే షెడ్డులో పనికి చేరిన కొత్తలో, తల్లి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, నిద్రలేని కళ్లతో నిరుపమ పూర్తిచేసిన యంత్రం. ఆమె ఉద్యోగం ఖాయమైంది దానివల్లే. టీ తాగి వచ్చేసరికి పని ముందుకు జరిగి ఉండడం అప్పుడామెకు వింతగా తోచలేదు. గోడ లెక్క తేల్చింది: నాలుగు వందల కుట్లలో నిరుపమవి డెబ్బై, మిగిలినవన్నీ అప్పలసూరివి.

సాయంత్రం అతని ఇంటికి పరుగెత్తింది.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"సెప్పడానికి ఏటుందమ్మా? దారిలో ఏసినాను."

"మళ్లీ వచ్చెయ్."

"నీ గోడ ఒప్పుతాదేటి?"

ఒప్పదు. తీరం పొడవునా నలభై షెడ్లు ఇప్పుడు ఒకే గోడకు ముడిపడి ఉన్నాయి, ఒక్క షెడ్డు కోసం నియమం మారదు. పట్టుబట్టి ముడివేయించింది ఆమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆమె అతని గడపలో కూర్చుని ఏడ్చింది.

మర్నాడు టీకి వెళ్తూ చూస్తే సత్యవేణి ఒక కుట్టు దగ్గర వేళ్లు తిరగక అవస్థ పడుతోంది. నిరుపమ ఆగి చెయ్యి చాచింది. సత్యవేణి ఉలిక్కిపడి యంత్రానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు మేడమ్, ముట్టకండి. ఎర్రగైపోతాది."

నిరుపమ చెయ్యి వెనక్కి తీసుకుంది. షెడ్డులో ఎవరూ తలెత్తలేదు. ఎవరి చీటీ వారిది.