అత్తగారి కారుకి కొత్త చక్రాలు

పొద్దున్నే అత్తగారు కాఫీ గ్లాసు పక్కన ఒక రంగుల కాగితం పరుచుకుని కూర్చుంది. నిండా కారు చక్రాల బొమ్మలే. కోడలికి నవ్వొచ్చింది. ఆ కాగితం తన టైర్ల షాపులోదే.

"ఇదిగో, ఇవి కావాలి" అంది అత్తగారు, పువ్వు రేకుల్లా మెరుస్తున్న అల్యూమినియం చక్రం మీద వేలు పెట్టి.

అరవై రెండో ఏట లైసెన్సు తెచ్చుకుని, నెల కిందటే సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంది ఆవిడ. దాని చక్రాలు తుప్పు పట్టిపోయాయి.

"మీకు స్టీలువే మంచివత్తయ్యా. గుంటలో పడితే సొట్ట పోతాయంతే, కొట్టి సరిచేస్తాను. అల్యూమినియం గట్టిగా తగిలితే పగులుతుంది. పైగా మీరింకా కొత్త కదా."

"అంటే, నేను గుద్దేస్తాననా?"

"మొన్న మన గేటుకి..."

"ఆ గేటే కాస్త ముందుకుంది."

కొడుకు పేపర్లో తల దూర్చాడు. "నువ్వు చెప్పరా" అని తల్లి, "మీరు చెప్పండి" అని భార్య ఒక్కసారే అనేసరికి, ఆఫీసుకి టైమైందంటూ సగం కాఫీ వదిలేసి జారుకున్నాడు. ఆ రోజు ఆదివారం.

మర్నాడు కోడలే కారుని షాపుకి తీసుకెళ్ళింది. పెద్దావిడ క్షేమం ముఖ్యమని తనకు తానే సర్దిచెప్పుకుని, స్టీలు చక్రాలు బిగించి, పైన వెండి రంగు ప్లాస్టిక్ మూతలు తొడిగింది. దూరం నుంచి చూస్తే అచ్చం అల్యూమినియమే.

సాయంత్రం అత్తగారు కారు చుట్టూ మురిసిపోతూ తిరిగింది. తర్వాత వంగి, ఒక చక్రాన్ని గోటితో తట్టింది. టక్కుమని ప్లాస్టిక్ చప్పుడు. ఆవిడ మొహంలో వెలుగు పోయింది. లోపలికెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది. మిషను మాత్రం తిరగలేదు.

"మీ మంచికే చేశానత్తయ్యా" అంది కోడలు గుమ్మంలో నిలబడి.

"తెలుసు. ముప్పై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టాను. ఒకటే నీలం. ఇంట్లోకి ఏం కొన్నా మన్నుతుందా, మాసినా కనపడకుండా ఉంటుందా అనే చూశాను. అందంగా ఉందని కొన్నది ఒక్కటీ లేదు. నీకిష్టం లేకపోతే మొహం మీదే వద్దనాల్సింది. చంటిపిల్లని ఏమార్చినట్టు మూతలు పెట్టావు."

ఆవిడ గొంతు పెంచలేదు. అందుకే కోడలికి మరీ గట్టిగా తగిలింది. షాపుకొచ్చే ఏ కస్టమరునీ తను ఇలా మభ్యపెట్టి ఎరగదు. కళ్ళు తుడుచుకుని, "తప్పు నాదే. రేపు షాపుకి రండి, మీ చేత్తోనే బిగిద్దురుగాని" అంది.

మర్నాడు అత్తగారు కొంగు బిగించి, అల్యూమినియం చక్రం అందుకుంది. "ఇంత తేలికా!" అని ఆశ్చర్యపోయింది.

"నట్లు వరసగా కాదత్తయ్యా, ఎదురెదురుగా బిగించాలి. లేకపోతే చక్రం సరిగ్గా కూర్చోదు."

"కాలరు కుట్టేటప్పుడు నేనూ అంతే. మధ్యలో ఒక పిన్ను, తర్వాత అటోటి, ఇటోటి. లేకపోతే మెడ ఒక పక్కకి లాగేస్తుంది."

"డిక్కీలో స్టెప్నీ మాత్రం స్టీలుదే పెడతాను."

"పెట్టుకో. దాన్నెవరు చూడొచ్చారు?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

అయిదు రోజుల తర్వాత షాపు మూసే వేళకి అత్తగారు కారు తెచ్చి ఆపింది. దిగి, ఎడమవైపు ముందు చక్రం చూపించి, "ఫుట్‌పాత్ అంచుకి రాసుకుంది" అని తనే చెప్పేసింది. జానెడు గీత. కోడలికి నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. దాన్ని మింగేసి, గుడ్డతో దుమ్ము తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"అయినా బావుందత్తయ్యా."

"బావుండదూ మరి? ఏరి కొన్నాను. ఎక్కు, ఇంటికి పోదాం."

కోడలు షట్టరు దించి, పక్క సీట్లో కూర్చుని, బెల్టు కాస్త గట్టిగానే బిగించుకుంది.