ఊరికే కూర్చోలేని మనిషి

"మళ్లీ నూనె పెట్టుకున్నరా అమ్మా?" అంది పరీక్ష చేసే టెక్నీషియన్ రూప, సూర్యప్రభ పాపిట విడదీసి చూస్తూ.

అభిజ్ఞ నిర్ఘాంతపోయింది. పొద్దున తన చేతులతోనే కదా అమ్మ తలకు రెండుసార్లు షాంపూ పెట్టి రుద్దింది! లాల్‌దర్వాజా నుంచి మలక్‌పేటలోని ఈ ఆస్పత్రిదాకా ఆటోలో పక్కనే కూర్చుని వచ్చింది. మరి ఈ నూనె ఎక్కడిది? తలకు జిడ్డు ఉంటే తీగలు సరిగ్గా అంటుకోవని, పరీక్ష కుదరదని రూప మొదటి రోజే చెప్పింది. అయినా అమ్మ ఇలా నూనె తలతో ఆ కుర్చీలో కూర్చోవడం ఇది మూడోసారి...

ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తోందని తమ్ముడు ముకుంద్ చెవులు మూసుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. డాక్టరు స్కిజోఫ్రెనియా అన్నారు. మందులతో పిల్లవాడు కుదుటపడ్డాడని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంతలో నెల కిందట, మింగాల్సిన మాత్రలన్నీ వాడి రెయిన్‌కోటు జేబులో దొరికాయి! "మీ అందరి తలకాయలు మంచిగున్నయ్. నాదొక్కటే ఖరాబైంది. నేనొక్కణ్నే ఎందుకు మింగాలె?" అన్నాడు వాడు.

అప్పుడే ఆస్పత్రిలో ఈ పరిశోధన సంగతి తెలిసింది. తలకు తీగలు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మనిషి ఏ పనీ చేయనప్పుడు మెదడులో ఒక భాగం ఇంకో భాగంతో ఎలా కలిసి నడుస్తుందో యంత్రం రాసుకుంటుంది. జబ్బు ఉన్నవాళ్లవి, వాళ్ల ఇంటివాళ్లవి, ఏ సంబంధమూ లేనివాళ్లవి పక్కపక్కన పెట్టి చూస్తారట. ఎవరికి ఏముందో చెప్పే పరీక్ష కాదిది. అయినా ముకుంద్ పట్టుబట్టాడు. "ఇంట్ల అందరు కూచుంటెనే నేను మందులు ఏస్కుంట" అని. వాడు కూర్చున్నాడు, అభిజ్ఞ కూర్చుంది, తండ్రి వామన్‌రావు సణుక్కుంటూనే కూర్చున్నాడు. మిగిలింది అమ్మ.

అభిజ్ఞకు ఏదో తోచింది. అమ్మ చేతిసంచి లాక్కుని తెరిచింది. చేతిరుమాలు కింద చిన్న సీసా. అందులో సగానికి సగం కొబ్బరినూనె! 'బాత్‌రూముకు పోయొస్త' అని అమ్మ ఇందాక వెళ్లింది దీనికా? కన్నకొడుకు బతుకు ఈ ఐదు నిమిషాల మీద వేలాడుతుంటే, తల్లి దొంగతనంగా నూనె రాసుకుంటుందా?

"ఎందుకమ్మా?" అంది సీసా పైకెత్తి చూపిస్తూ.

సూర్యప్రభ తల వంచుకుంది. బెంచీ మీది నుంచి ముకుంద్ లేచాడు.

"పోదాం పా అక్కా. ఆమెకు ఇష్టం లేదు. నాకు గా మందులొద్దు."

"ఇష్టం లేకుంటే బలవంతం లేదమ్మా, చెప్పుండ్రి" అంది రూప మెల్లగా.

"ఆమెనెందుకు సతాయిస్తరు?" అన్నాడు వామన్‌రావు. "మా దిక్కుగాని, ఆమె దిక్కుగాని గిసొంటిది ఎవరికీ లేదు. వీడికే ఎట్లొచ్చిందో..."

"ఉన్నది" అంది సూర్యప్రభ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నాకున్నదండీ. అభి కడుపుల ఉన్నప్పటి సంది. ఒక ఆడమనిషి మాట్లాడుతది. నీ చేతుల పిల్లలు బతకరు అంటది. చేతుల పనుంటే అంతగ వినరాదు. ఊరికే కూచుంటెనే..." ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఐదు నిమిషాలు ఊరికే కూచోమంటున్నరు. ఆమె మాట్లాడుతది, మిషిన్ల పడ్తది. నా నుంచే వచ్చిందని ముకుంద్‌కు తెలుస్తది. వాడు నా మొఖం చూస్తడా ఇగ?"

ఇరవై ఆరేళ్లు, అభిజ్ఞ వయసంత కాలం! సూర్యప్రభ చేతులు ఖాళీగా ఉండగా చూసినవాళ్లు లేరని బంధువులంతా మెచ్చుకునేవారు. మహంకాళమ్మ గుడికి రెండు మూరల దండ చాలన్నా పది మూరలు కట్టేది. తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. చెవి పక్కన రేడియో లేనిదే పడుకునేది కాదు. 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, మీ అమ్మను చూసి నేర్చుకో' అని నాన్న తనను ఎన్నిసార్లు దెప్పాడో! అదంతా ఓపిక అనుకున్నారు. ఆమె ఒక్కతే భయపడుతూ బతికిందని ఒక్కరికీ తట్టలేదు. అభిజ్ఞకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వామన్‌రావు గోడ పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. "ఒక్క మాట చెప్పకపోతివి ప్రభా" అన్నాడు.

"చెప్తే పిల్లల్ని నా చేతికిస్తుంటిరా మీరు?"



"వినిపించినంత మాత్రాన అదే జబ్బని కాదమ్మా" అంది రూప. "మస్తు మందికి వినిపిస్తది. డాక్టరమ్మతోని మాట్లాడుండ్రి. ఈ పరీక్ష సంగతి తర్వాత."

ముకుంద్ తల్లి దగ్గరికి వచ్చాడు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి పట్టుకుని మూలనున్న సింకు దగ్గరికి తీసుకెళ్లాడు.

"వంగమ్మా. నీళ్లు నేను పోస్త."

ఏడుస్తూనే వంగింది సూర్యప్రభ. కొడుకు మగ్గుతో నీళ్లు పోస్తుంటే, రూప ఇచ్చిన షాంపూతో కూతురు తల రుద్దింది. జిడ్డు పోయేదాకా మూడుసార్లు రుద్దింది.

జుట్టు ఆరాక ఆమె తనంతట తానే కుర్చీలో కూర్చుంది. రూప తీగలు అతికించింది. ఆ ఐదు నిమిషాలు ముకుంద్ అద్దం ఇవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు. మూసిన రెప్పల కింది నుంచి అమ్మ చెంపల మీదికి నీళ్లు కారాయి. అయినా లేవలేదు.

బయటికి రాగానే వాడు అడిగాడు. "మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏమన్నది?"

"ఎప్పటి మాటే నాయినా."

"నాకు వినబడెటోడు కూడ గంతేనమ్మా. ఒక్కటే మాట తిప్పి తిప్పి అంటడు" అని జేబులోంచి మాత్ర తీశాడు. ఆమె సంచిలోని నీళ్ల సీసా అందుకుని, ఆమె చూస్తుండగా మింగాడు.

ఆ సాయంత్రం లాల్‌దర్వాజా ఇంట్లో వామన్‌రావు పూలబుట్ట ముందేసుకుని కూర్చున్నాడు. దారం చిక్కుపడింది, ముడి జారింది, మల్లెలు నలిగాయి. ఆయన ఇంతకుముందెన్నడూ దండ కట్టలేదు. సూర్యప్రభ చెయ్యి అటు వెళ్లబోయింది. ఆయన బుట్ట పక్కకు జరుపుకున్నాడు.

"నేను కడ్త. నువ్వు కూచో."

ఆమె బెదురుగా గడప మీద కూర్చుంది. ముకుంద్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"గామె వస్తున్నదా అమ్మా?"

"వస్తున్నది."

"రానీ. నేనున్న" అన్నాడు ముకుంద్.

సూర్యప్రభ ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, చీకటి పడేదాకా ఊరికే కూర్చుంది.