ఇనపముద్ద వదిలేసిన దొంగ

అచ్యుతరావు పేరు వినపడితే చాలు, జగ్గారావు నోట్లో బీడీ చేదెక్కుతుంది.

పద్నాలుగేళ్ల కిందట రైల్వే స్టోర్సు గేటు దగ్గర రాగి తీగ పోయింది. ఆ పూట కాపలా జగ్గారావుది. "రెండూ ఇరవైకి గేటు బార్లా తెరిచి ఉంది, కాపలావాడు లేడు" అని విచారణలో సాక్ష్యం చెప్పింది గుమాస్తా అచ్యుతరావు. పచ్చి అబద్ధం. ఆ ఒక్క ముక్కతో జగ్గారావు యూనిఫాం ఊడింది. లాయరు కోసం సొంతూళ్లో పొలం పోయింది. మిగిలింది ప్రేమ్ బజార్‌లో ఒక సైకిల్ స్టాండు, ఆరో క్లాసు చదువు, ఏదీ మరిచిపోని బుర్ర.

సామాను పోయినవాళ్లు పోలీసుల కంటే ముందు అతని దగ్గరికే వస్తారు.

1993 సెప్టెంబరు 13, సోమవారం. ఉదయం తొమ్మిదింపావు.

వర్క్‌షాపు ఫిట్టరు తవిటయ్య సైకిలు కింద పడేసి పరుగున వచ్చాడు.

"మావా, నన్ను దొంగని సేసేత్తన్నారు!"

"ఏటి పోయింది?"

"సరోజాదేవి టీచరమ్మ సీడీ ప్లేయర్. నిన్న సాయంత్రం. ఇయ్యాల ఆరింటికి పోలీసులకి కాయితం ఎల్తాదట. కేసయితే నా నౌకరీ పోద్ది మావా."

"కాయితం రాసిందెవులు?"

"అచ్యుతరావుగారు. టీచరమ్మ పక్కింటోరు."

జగ్గారావు బీడీ కాలి కింద నలిపాడు. స్టాండు తాళాలు పక్క టీకొట్టు బెంగాలీ దాదా చేతిలో పెట్టాడు.

న్యూ సెటిల్‌మెంట్. సరోజాదేవి క్వార్టరు. ఆమె రిటైరయిన సంగీతం టీచరు. ముందు గదిలో పాత యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు. మధ్యలో ఖాళీ. బల్ల కింద ఇటుకంత బరువైన నల్లటి ట్రాన్స్‌ఫార్మరు.

"ఎన్ని గంటలకు పోయిందమ్మా?"

"మూడున్నరకు గుడికి వెళ్లాను, పిల్లలకు పాట నేర్పడానికి. వచ్చేసరికి అయిదు. పెట్టె లేదు."

వెనక తలుపు చూశాడు. గడియ మీద కొత్త గీత. ఇనప స్కేలు దూర్చి ఎత్తితే ఆ క్వార్టర్ల గడియ లేస్తుంది. కాలనీలో అందరికీ తెలిసిన విద్యే.

"ఈ ప్లేయర్ ఎవరు ఎంచినారు?"

"తవిటయ్యే. గోల్‌బజార్ రేడియో షాపు వెంకటరావు, టేపూ రేడియో డిస్కూ కలిసిన మూడింటి పెట్టె కొనమన్నాడు. అచ్యుతరావుగారూ అదే కొనమన్నారు, లైట్లు బాగున్నాయని. తవిటయ్య ఒప్పుకోలేదు. ఒకటి పాడయితే మూడూ మూలపడతాయి, మీ స్పీకర్లు బంగారం, ప్లేయరొక్కటే విడిగా కొనండమ్మా అన్నాడు. కలకత్తా వెళ్లి, నాలుగు కొట్లు తిరిగి, విని మరీ తెచ్చాడు. జపాన్‌వాళ్లు తమ దేశం కోసం చేసుకున్నదట."

పక్క క్వార్టరు గోడ మీంచి ఒక తల లేచింది. అచ్యుతరావు.

"ఏం జగ్గారావ్! సైకిళ్లు కాసేవాడివి, కేసులు కూడా కాస్తున్నావా?"

"అలవాటు పోలేదండి."

"ఇందులో కాయడానికేముంది? పని మిషతో వారం రోజులు ఇంట్లో తిరిగింది తవిటయ్య. పైగా కమీషన్ కోసం ఆ ఇనపముద్ద కూడా అంటగట్టాడు. దొంగ కూడా దాన్ని ముట్టుకోలేదు, చూశావా?"

"సూసినాను," అన్నాడు జగ్గారావు.

పదకొండూ నలభై. గోల్‌బజార్. వెంకటరావు రేడియో షాపు.

"బేరం పోయిందన్న కచ్చతో నువ్వే ఎత్తుకెల్లినావా, ఎంకట్రావ్?"

"నానెత్తుకెల్లడవేటి? ఎత్తుకెల్తే ఆ ట్రాన్స్‌ఫార్మరు ఒగ్గేత్తానేటి? అది నేకపోతే ఆ ప్లేయరు దేనికి పనికొత్తాది? జపాన్‌లో కరెంటు వంద వోల్టులు. మనది రెండొందల ముప్పై."

"తెలీనోడు తిన్నగా ఎట్టేత్తే?"

"ఎట్టడానికే అవదు. దాని ప్లగ్గుకి రేకుల్లాంటి పిన్నులు. మన సాకెట్లో దూరవు."

"కోసేసి, ఉత్త వైర్లు దూరిస్తే?"

వెంకటరావు చిటికె వేశాడు. "ఫట్! ప్లేయరూ పోద్ది, ఇంటి ఫ్యూజూ పోద్ది."

జగ్గారావు అప్పటికే సైకిలెక్కాడు.

పన్నెండున్నర. కాలనీ కరెంటాఫీసు. క్వార్టర్లలో ఫ్యూజు పోతే ఎవరూ సొంతంగా వేసుకోరు. కంప్లైంట్ రిజిస్టర్లో రాయించాలి, వైర్‌మన్ రావాలి. జగ్గారావు ఆదివారం పేజీ తీశాడు. వేలు ఒక్కో గీత మీదుగా దిగింది. ఒకచోట ఆగింది.

చాలా ఏళ్లకు అతను నవ్వాడు.

సాయంత్రం అయిదున్నర. సరోజాదేవి ముందు గది. తవిటయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు, మొహంలో నెత్తురు లేదు. వెంకటరావు స్టూలు మీద. వైర్‌మన్ సొలొమోను గుమ్మంలో. అచ్యుతరావు కుర్చీలో, జేబులో ఫిర్యాదు కాగితం. అతని భార్య దుర్గాంబ చాప మీద.

"కానీవయ్యా. ఆరింటికి నేను స్టేషనుకు వెళ్లాలి," అన్నాడు అచ్యుతరావు.

జగ్గారావు ట్రాన్స్‌ఫార్మరు ఎత్తి బల్ల మీద ధన్‌మని పెట్టాడు.

"ఇది నేకుండా ఆ ప్లేయరు పాడదు. తవిటయ్య తెచ్చి బిగించినాడు, ఆడికి తెలుసు. ఎంకట్రావుకి తెలుసు. టీచరమ్మకి తెలుసు. దీన్ని ఇనపముద్ద అన్నోడు ఒక్కడే."

జగ్గారావు గుమ్మం వైపు తిరిగాడు.

"సొలొమోను బావ్, నిన్న నాలుగూ ఇరవై అయిదుకి ఫ్యూజు పోయిందని ఎవులింటినుంచి కబురొచ్చింది?"

"ఈ పక్కిల్లే. అచ్యుతరావుగారిది."

"ఇస్త్రీ పెట్టె!" అన్నాడు అచ్యుతరావు. "ఇస్త్రీ పెట్టె పెట్టాను, పోయింది."

"దానికి మూడు పిన్నుల ప్లగ్గు ఉందాండి?"

"ఉంది! ఎందుకుండదు?"

"సొలొమోను బావ్, సాకెట్లో ఏటి సూసినావు?"

"రెండు అగ్గిపుల్లలు. మాడిపోయినాయి. ఉత్త వైర్లు ఊడకండా పుల్లలు గుచ్చినారు. పీకి పారేసినాను, ఫ్యూజేసి ఎలిపోనాను. ఎవులూ అడగనేదు, నానూ సెప్పనేదు."

"ప్లగ్గున్న ఇస్త్రీ పెట్టెకి అగ్గిపుల్లలెందుకు బాబూ?"

అచ్యుతరావు భార్య వైపు తిరిగాడు.

దుర్గాంబ లేచింది. ఎవరి వంకా చూడలేదు. పక్క క్వార్టరుకు వెళ్లింది. రెండు నిమిషాల్లో పాత దుప్పటి మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. ప్లగ్గు కోసేసిన తీగ వేలాడుతోంది. కాలిన కంపు.

"నిన్నటినుంచీ ఇదే కంపు. అడిగితే ఎలక చచ్చిందన్నారు," అంది.

"ఏడో క్లాసు ఫిట్టరు!" అన్నాడు అచ్యుతరావు. "కాలనీ అంతా వాడి చెవులే గొప్పవంది. నా మాట పూచికపుల్ల. వాడికి బుద్ధి చెప్పాలనుకున్నాను. ఆపైన... ఏముందో అందులో ఒక్కసారి విందామనిపించింది."

"విన్నారా?" అడిగింది సరోజాదేవి.

అతను తల అడ్డంగా ఊపాడు.

తవిటయ్య గోడ వెంట జారి కింద కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

జగ్గారావు అచ్యుతరావు జేబులోంచి కాగితం లాగాడు. మడత విప్పి అతని ఒళ్లోనే పెట్టాడు. పైన పెన్ను.

"అంతా బాగానే రాసినారు. టైము సరే, సామాను సరే. పేరొక్కటే తప్పు. కొట్టేసి మీది రాయండి."

"డిసెంబరులో రిటైర్మెంటురా జగ్గా! కేసయితే పెన్షన్ ఆగిపోతుంది. పద్నాలుగేళ్ల నాటిది మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోనేదు. అదే ఉండిపోనాది."

"గేటు తెరిచి ఉందని పై ఆఫీసరు చెప్పమంటే చెప్పాను! నీకేం కావాలో చెప్పు, ఇచ్చేస్తాను. ఏం కావాలి?"

గోడ గడియారం అయిదూ యాభై రెండు. జగ్గారావు పెన్ను మూత తీసి అతని వేళ్ల మధ్య ఇరికించాడు.

"లాయరుకి పోయిన నా పొలం. పార్వతీపురం అవతల, కాలవ పక్కన. ఎకరా పద్దెనిమిది సెంట్లు."