దాలినాయుడు చెప్పిన జవాబు

రోగి తలకు తొడిగిన హెల్మెట్ మీద ఎర్రదీపం వెలిగింది. కాదని అర్థం.

"దాలినాయుడు గారూ, మీ మెదడులో రక్తం గడ్డకట్టింది. ఈ పూట ఆపరేషన్ చెయ్యకపోతే ప్రాణం దక్కదు. చేస్తే బతకొచ్చు. మళ్లీ మంచం దిగుతారని మాత్రం చెప్పలేను. చెయ్యమంటారా?" డాక్టర్ వైదేహి రెండోసారి అడిగింది.

మళ్లీ ఎరుపే.

విశాఖపట్నంలోని ఆ ఆస్పత్రికి ఈ యంత్రం కొత్తగా వచ్చింది. పక్షవాతంతో మాట, కదలిక పోయి తెలివి మాత్రం మిగిలిన రోగి, అవుననడానికి కుడి పిడికిలి, కాదనడానికి ఎడమ పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించుకుంటే చాలు. చెయ్యి కదలకపోయినా మెదడులో పుట్టే సిగ్నల్‌ను సెన్సర్లు పట్టుకుంటాయి. అవునంటే నీలం దీపం, కాదంటే ఎరుపు. ఇదివరకు ఇలాంటి రోగుల తరఫున ఇంట్లోవాళ్లు సంతకం పెట్టేవారు. ఇప్పుడు రోగి మాటే చెల్లుతుంది.

భార్య పైడమ్మ మంచం మీదికి వంగింది. "నాకు బరువైపోతావనా, మావా?"

నీలం.

"మంచాన పడ్డ మీ అమ్మని అన్నేళ్లు సూసినాను. ఎప్పుడైనా ఏడిసినానా?"

నీలం.

"నా ఏడుపు ఇన్నావన్నమాట," అంది పైడమ్మ. "ఏడిసినాను. అయినా ఆవిడ పోయినాక ఇల్లు బోసిపోనాది. నువ్వూ పోతే నానుండలేను. ఒప్పుకో మావా."

చాలాసేపటికి నీలం దీపం వెలిగింది.

"ఒప్పుకున్నాడు. తీసుకెళ్లండి డాక్టరమ్మా."

వైదేహి కదల్లేదు. బతిమాలించుకుని ఇచ్చిన అంగీకారం అతనిదా, ఆమెదా? పైడమ్మను బయటికి పంపి తలుపు వేసింది.

"ఇప్పుడు ఆవిడ లేదు. మీ మనసులో మాట చెప్పండి. ఆపరేషన్ కావాలా?"

ఎరుపు.

పొరపాటేమోనని ప్రశ్న తిప్పి అడిగింది. "ఆపరేషన్ వద్దా?"

నీలం.

"ఈ సంగతి మీ ఆవిడకు చెప్పనా?"

ఎరుపు వెంటనే వెలిగింది.

వైదేహి బయటికి వచ్చింది. "ఆపరేషన్ చెయ్యడం లేదమ్మా."

"అదేటి? నా కళ్ల ముందే ఒప్పుకున్నాడు గదా."

"చెయ్యలేను. ఎందుకో చెప్పలేను."

"పోనీ, నా ముందర మళ్లీ అడగండి."

ఈమె ముందర అడిగితే నీలమే వెలుగుతుందని వైదేహికి తెలుసు. తల అడ్డంగా ఊపింది. నొప్పి తెలియకుండా మందులు ఇప్పించి, భార్యను అతని పక్కన కూర్చోబెట్టింది.

మధ్యాహ్నానికి అతనికి స్పృహ పోయింది. పొద్దుగూకేసరికి ప్రాణం పోయింది.

వెళ్తూ వెళ్తూ పైడమ్మ వైదేహి ఎదుట ఆగింది.

"మా మావ బతుకుతానన్నాడు. నోరు లేనోడి మాటని మీరు ఇనలేదు."

వైదేహి తల దించుకుంది.