చూడకుండా అన్న మాట

సిద్దిపేట శివారులోని ఆ గార్డు క్యాంపులో తుపాకుల గదికి కిటికీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం. బయట వాన దంచికొడుతోంది, కరెంటు పోయింది. హెడ్ కానిస్టేబుల్ వీరయ్య అదేమీ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఎస్సెల్లార్ రైఫిళ్లు విప్పి, తుడిచి, నూనె రాసి బిగిస్తున్న మనిషి. కళ్లకు గంతలు కట్టినా బిగించేస్తానని కొత్తవాళ్ల దగ్గర గొప్పలు పోతుంటాడు. ఉత్త గొప్పలు కూడా కావవి.

ఈ పని ఎప్పుడూ ఇద్దరిది. రైఫిల్ విప్పే ముందు ఒకరు లోపల తూటా లేదని కళ్లతో చూసి "ఖాలీ" అనాలి. ఆ మాట వినిపించాకే రెండోవాడు చెయ్యి పెట్టాలి. బిగించాక మళ్లీ అంతే. పోయినేడు డ్యూటీ నుంచి వచ్చిన ఒక రైఫిల్‌ని, ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ, చూడకుండానే వీరయ్య "ఖాలీ" అనేశాడు. ఆ మాట నమ్మి జోడీ కానిస్టేబుల్ దేవరాజు గొట్టాన్ని తన వైపు తిప్పుకున్నాడు. లోపలున్న తూటా పేలింది. ఆసుపత్రి దాకా కూడా బతకలేదు.

"నేను ఖాలీ అననే లేదు సార్. వాడే తొందరపడ్డడు," అన్నాడు వీరయ్య విచారణలో. తప్పంతా చచ్చినవాడి మీద పడింది. నిన్న సంవత్సరీకం భోజనాల దగ్గర దేవరాజు కూతురు సాహితి అడిగింది.

"పెదనాయినా, నిజంగ మా బాపుదే తప్పా?"

"అవు బిడ్డా," అన్నాడు. విస్తరి మడిచేసి లేచాడు.

ఇవాళ జోడీ జయరాజ్. దుప్పటి మీద పరిచిన ముక్కల కోసం వీరయ్య చీకట్లో చెయ్యి చాపాడు. స్ప్రింగు అరచేతిలోకి వచ్చింది. తర్వాత పిస్టన్. అడక్కుండానే, వరస తప్పకుండా అందుతున్నాయి.

"పని నేర్సినవ్‌రా జయరాజ్."

జవాబుగా మరో ముక్క చేతిలో పడింది. నూనె వాసనలో కాలిన తుపాకీ మందు వాసన కలిసింది. ఇవాళ ఎవరూ కాల్చలేదే...

"అన్నా!" జయరాజ్ కేక, వరండా అవతలి నుంచి. "బ్యాటరీ లైటు తెస్తున్న, జర ఆగు!"

వీరయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆఖరి ముక్క మెల్లగా వచ్చి అందులో పడింది. ఇనుము... వెచ్చగా ఉంది.

చెవి పక్కనే గుసగుస.

"వీరన్నా... సూసినవా?"

వీరయ్య గోడదాకా వెనక్కి జరిగాడు. గుసగుస వెంటే వచ్చింది.

"సెప్పు... సూసినవా?"

"సూడలే!" వీరయ్య అరిచాడు. "సూడకుండనే ఖాలీ అన్ననురా! నేనే సంపిన నిన్ను!" ఏడాదిగా అదిమిపెట్టిన ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది.

లైటుతో గుమ్మంలో నిలబడ్డ జయరాజ్ అంతా విన్నాడు. "అన్నా... సార్‌కు చెప్పాలె గిది," అన్నాడు మెల్లగా.

"చెప్పు. ముందుగాల ఆ బిడ్డకు నన్ను చెప్పనియ్యి."

సాహితికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. దాచకుండా మొత్తం చెప్పాడు.

"బిడ్డా, తిట్టు. ఏదన్న అను."

"నిన్ను తర్వాత అంట పెదనాయినా," అంది. "నీ పక్కన మా బాపు ఏడుస్తుండు. ఒక్కపారి ఫోన్ ఆయనకియ్యి."

జయరాజ్ లైటును గది నాలుగు మూలలకూ తిప్పాడు. వాళ్లిద్దరే ఉన్నారు.