నలభయ్యో రోజు గోధుమలు

మా బడి నుంచి డాన్యూబ్ నది ఒడ్డుకి దిగే దారిలో ఒక బస్సు షెడ్డు ఉంది. బస్సు మాత్రం రాదు. ఆ రూటు ఎత్తేసి చాలా కాలమైంది. అయినా సందె పడ్డాక అక్కడ ఎవరో ఒకరు బస్సు కోసం నిలబడి ఉంటారని మా ఊళ్ళో చెప్పుకుంటారు.

ఎవరంటే... చచ్చిపోయినవాళ్ళు.

నవ్వకండి. ఆ షెడ్డు గోడల నిండా చావు కాగితాలే. నల్ల అంచు, మధ్యలో ఫోటో, కింద పేరు, వయసు. ఊళ్ళో ఎవరు పోయినా ఇంటి తలుపు మీద ఒకటి, కరెంటు స్తంభం మీద ఒకటి, ఆ షెడ్డులో ఒకటి అంటిస్తాం. పాతవి వానకి చిరిగిపోతుంటే వాటి మీదే కొత్తవి పడతాయి. చీకట్లో అటు వెళితే ఆ ఫోటోల్లోంచి ఎవరో మెల్లిగా అడుగుతారట — "బస్సు వెళ్ళిపోయిందా?"

వెళ్ళిందన్నా ముప్పే, వెళ్ళలేదన్నా ముప్పేనట. వినపడనట్టు నడిచి పోవడమే మంచిదట.

మా బడి రెండు పూటలు నడుస్తుంది. పొద్దున చిన్నవాళ్ళు, మధ్యాహ్నం పెద్దవాళ్ళు. చలికాలంలో రెండో పూట వదిలేసరికి చీకటి పడిపోతుంది. పిల్లలంతా ఆ షెడ్డు ముందునుంచే ఇళ్ళకి పోవాలి. బడి గేటు ఎదురుగా నాకు బనిత్సా కొట్టు ఉంది. జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన వేడి రొట్టె అమ్ముతాను. ఆకలిమీదున్న పిల్లలు తింటూ తింటూ అన్నీ చెప్పేస్తారు. ఈ సంగతి కూడా బోయ్కో అలా చెప్పిందే. మిగతాది స్తోయ్నా మామ్మ చెప్పింది.

ముందు కలీనా గురించి చెప్పాలి. ఏడో తరగతి. అమ్మానాన్నలు ఇటలీలో ముసలివాళ్ళకి సేవ చేసే పనికి పోయారు. పిల్ల ఇక్కడ స్తోయ్నా మామ్మ దగ్గర పెరుగుతోంది. బట్టలు ఇటలీ నుంచి పార్సెల్లో వస్తాయి కాబట్టి క్లాసులో దానికి "పార్సెల్ పిల్ల" అని పేరు పెట్టారు. పెట్టింది ప్లామెన్. లెక్కల పోటీల్లో పతకాలు తెస్తాడు, కాబట్టి బడికి ముద్దుల కొడుకు. వాడి వెనకాల తోకలా తిరిగేవాడు బోయ్కో.

బడి ఏమీ చెయ్యలేదని నేనను. చేసింది. వేధింపులు వద్దంటూ ఫిబ్రవరిలో అందరిచేతా గులాబీ చొక్కాలు వేయించింది. మెట్ల మీద ఫోటో తీశారు. ముందు వరసలో, అందరికంటే గులాబీగా, ప్లామెన్. ఆ ఫోటో తీస్తున్నంతసేపూ కలీనా బూట్లు మరుగుదొడ్డి తొట్టిలో నానుతున్నాయి. చెమ్మ మేజోళ్ళతో నా కొట్టు దగ్గరికొచ్చి నిలబడింది పాపం. పొయ్యి పక్కన కూర్చోబెట్టాను.

హెడ్‌మిస్ట్రెస్ పానయోతోవా గారు చెడ్డమనిషి కాదు. కానీ ఆవిడ దగ్గర స్థాయిలుంటాయి. ఎగతాళి చేస్తే మొదటి స్థాయి, కొడితే రెండోది, రక్తమొస్తే మూడోది. మొదటి స్థాయికి మందలింపు, చేతులు కలపడం. ఇంతవరకూ ఆవిడ ఏ గొడవనీ మొదటి స్థాయి దాటనివ్వలేదు.

నవంబరులో ఒక పొద్దున ఆ షెడ్డులో కొత్త చావు కాగితం వెలిసింది. నల్ల అంచు, మధ్యలో కలీనా. క్లాసు ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. కింద — "మన పార్సెల్‌ని పైకి తిప్పి పంపేశారు. ఎవరూ ఏడవలేదు."

స్తోయ్నా మామ్మ ఆ కాగితం చించి తీసుకెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పెట్టింది.

"ఇది ఏ స్థాయమ్మా?"

"మొదటిదే అవుతుందండీ. ఎవరూ చెయ్యి చేసుకోలేదు కదా."

"మనిషిని చంపేస్తే మొదటి స్థాయా?"

"అబ్బే, కాగితం మీదే కదా. పైగా ఎవరు చేశారో రుజువు లేదు. చిన్నపిల్లలు, సరదా..."

"చేసినవాడు క్లాసులో లేచి నిలబడి నేనే చేశానని చెప్పాలి. నాకింకేం వద్దు. అది జరిగిన రోజు నా పిల్ల బడికొస్తుంది. జరక్కపోతే కొత్త సంవత్సరానికి దాన్ని తీసుకెళ్ళి ప్లోవ్‌దివ్‌లో మా చెల్లెలింట్లో పడేస్తాను."

"బలవంతంగా ఎవరిచేతా ఎలా చెప్పిస్తామండీ?" అన్నారు పానయోతోవా గారు.

కలీనాకి ప్లోవ్‌దివ్ వెళ్ళడం ఇష్టం లేదు. పుట్టిన ఊరు, తన బడి, తన బెంచీ. తప్పు చేసినవాడు ఇక్కడ, తను ప్లోవ్‌దివ్‌లోనా? గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చేదట. బడికి మాత్రం వెళ్ళలేదు. బడి నుంచి ఒక్క ఫోను రాలేదు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

ఇక బోయ్కో చెప్పింది వినండి.

డిసెంబరు. నది మీంచి మంచు పైకెక్కి దారంతా కమ్మేసింది. రెండో పూట వదిలారు. ప్లామెన్, బోయ్కో ఇద్దరూ షెడ్డు వైపు నడుస్తున్నారు.

"ఒరే, ఆ పిల్ల ఇంకా రాలేదు," అన్నాడు బోయ్కో.

"ఇటలీ పోయుంటుంది."

"పోకపోతే?"

"...పోకపోతే ఏంట్రా? నడు."

నడిచారు. షెడ్డు లోపల ఏదో వెలుగు. సన్నటి పసుపుపచ్చ కొవ్వొత్తి. దాని వెనక గోడ మీద, జిగురు తడి ఆరని కొత్త కాగితం. నల్ల అంచు. కలీనా. పైన పెద్ద అక్షరాలతో — "నీవు వెళ్ళి నలభై రోజులు." కింద — "నీ మామ్మ."

మాకు నలభయ్యో రోజున కాగితం మళ్ళీ అంటించడం ఆనవాయితీ. నిజంగా పోయినవాళ్ళకే అంటిస్తాం.

"ఇది నేను అంటించలేదు..." ప్లామెన్ గొంతు పీలగా వచ్చింది.

షెడ్డు బల్ల మీద, తలకి నల్ల గుడ్డ కట్టుకున్న ముసలమ్మ కదిలింది. ముఖం కనపడలేదు. చెయ్యి మాత్రం వెలుగులోకి వచ్చింది. ఆ చేతిలో ఒక గ్లాసు, అందులో పంచదార చల్లిన ఉడికించిన గోధుమలు.

"తీసుకోండి బాబూ... మా పిల్లది నలభయ్యో రోజు."

పోయినవాళ్ళ పేరు మీద ఇచ్చింది వద్దనకూడదు. థాంక్స్ అని కూడా అనకూడదు, పోయినవాళ్ళని దేవుడు మన్నించాలనే అనాలి. పాలు తాగే వయసు నుంచి మాకిది అలవాటు. బోయ్కో చెయ్యి దానంతటదే చాచుకుంది, నోరు దానంతటదే అనేసింది — "దేవుడు మన్నించాలి."

అని, తిన్నాడు కూడా. "వణుకుతూ తిన్నానక్కా... కానీ బాగుంది, బిస్కెట్ పొడి కూడా వేసింది," అన్నాడు నాతో. వాడి తిండి వాడిది.

ప్లామెన్ తీసుకోలేదు. వెనక్కి ఒక్కడుగు వేశాడు. అప్పుడు షెడ్డు మూలలో, కొవ్వొత్తి వెలుగు అందనిచోట, నీలం కోటు కదిలింది. ఇటలీ కోటు.

"బస్సు... వెళ్ళిపోయిందా?"

కొవ్వొత్తి ఆరిపోయింది.

వాళ్ళ పరుగు ఎలాంటిదో నేను చూడలేదు గాని, కేక మాత్రం నా కొట్టు దాకా వినపడింది. మలుపు దగ్గర ఎవరినో గుద్దుకున్నారు. చూస్తే పానయోతోవా గారు, సంచీ పట్టుకుని ఇంటికి పోతున్నారు.

"మేడమ్... షెడ్డులో... దెయ్యం..."

"ఏడో తరగతి చదువుతూ దెయ్యమేమిట్రా? ఇదేనా మేం నేర్పింది? పదండి, చూపించండి."

ఇద్దరి చొక్కాలూ పట్టుకుని లాక్కొచ్చారు. దారి పొడుగునా మూఢనమ్మకాల మీద పాఠం. షెడ్డులో చిమ్మచీకటి. ఆవిడ లోపలికి తొంగి చూశారు.

చీకట్లోంచి చెయ్యొచ్చింది.

"తీసుకోండమ్మా... నలభయ్యో రోజు."

పాఠం అక్కడితో ఆగింది. ఆవిడ గొంతు తగ్గింది, సంచీ చేయి మారింది, గ్లాసు అందుకున్నారు. "దేవుడు మన్నించాలి," అన్నారు మర్యాదగా. ఒక చెంచా తిన్నారు. ఇంకో చెంచా తిన్నారు.

"ఎవరమ్మా పోయింది?"

"కలీనా."

నములుతున్నారు.

"ఏ కలీనా?"

దెయ్యానికంటే ఆ మాటకే ఎక్కువ భయమేసిందన్నాడు బోయ్కో. తర్వాత వీడే బావురుమన్నాడు.

"మన కలీనా మేడమ్... మన క్లాసు... మూడో బెంచీ... ఆ కాగితం అంటించింది మేమే. జిగురు నేనే తెచ్చాను. చచ్చిపోతుందనుకోలేదు మేడమ్... సరదాకి చేశాం..."

మూలలో సెల్‌ఫోను దీపం వెలిగింది. నీలం కోటు, అందులో కలీనా. పకపకా నవ్వాలని అన్ని రోజులూ అద్దం ముందు సాధన చేసిందట పిల్ల. తీరా సమయానికి నవ్వు రాలేదు.

"నేనే మేడమ్ ఆ కలీనా," అంది. ఏడుస్తోంది.

పానయోతోవా గారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. మింగనూ లేరు, ఉమ్మనూ లేరు. పక్కన ప్లామెన్ లేడు. ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"నీ పక్కన ఎవరు కూర్చుంటారమ్మా?" అని అడిగారు చివరికి. ఇంకేమడగాలో తోచలేదు కాబోలు.

"ఎవరూ కూర్చోరు మేడమ్."

"నేను కూర్చుంటా రేపు," అన్నాడు బోయ్కో ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వొద్దు," అంది కలీనా.

తర్వాత నేను స్తోయ్నా మామ్మని అడిగాను, బతికున్న పిల్లకి నలభయ్యో రోజు చేస్తావా, అపశకునం కాదా అని. కీడు తగలకుండా ఎడమ భుజం మీదుగా మూడుసార్లు ఉమ్మింది. "అపశకునం వాళ్ళంటించిన రోజే జరిగిపోయిందే. మొదలుపెట్టినవాళ్ళకి పూర్తి చెయ్యడం రాలేదు, నేను చేశాను," అంది. గిన్నెలో మిగిలిన గోధుమలు నాకూ పెట్టింది. బతికున్న పిల్ల కదా, ఏమనాలో తెలీక "చల్లగా ఉండాలి" అని తినేశాను.

మర్నాడు రెండో పూట మొదటి గంట కొట్టారు. మామ్మ కలీనాని గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడే నిలబడింది. తను అడిగింది జరగందే పిల్ల చెయ్యి వదలనంది. క్లాసు గుసగుసలాడుతోంది. సగంమంది బడికొస్తూ షెడ్డులో కాగితం చూసి, ఆ పిల్ల చచ్చిపోయిందనే అనుకున్నారు మరి.

అప్పుడు పానయోతోవా గారు వచ్చారు. బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. తిన్నగా మూడో బెంచీ దగ్గరికెళ్ళి, భారీ మనిషి కదా, కోటు సర్దుకుంటూ కష్టపడి అందులో ఇరుక్కుని కూర్చున్నారు. పక్కన కలీనా చోటు ఖాళీగా వదిలారు.

"నేను ఇక్కడే ఉంటాను," అన్నారు. "ఈ పూట, రేపు, ఎల్లుండి. ఎవరైనా లేచి చెప్పేదాకా."

గుమ్మంలో చచ్చిన పిల్ల, బెంచీలో హెడ్‌మిస్ట్రెస్. రెండింటిలో దేన్ని చూసి భయపడాలో పిల్లలకి తెలియలేదు.

ప్లామెన్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"జిగురు బోయ్కోది," అన్నాడు. "మిగతాదంతా నాదే."

మామ్మ కలీనా చెయ్యి వదిలింది.